గోడవైపు తిప్పిన పేర్లు

ఆయన పోయిన సంగతి నాకు ఫోన్‌లో చెప్పింది పక్క షెడ్డు శిల్పి. "అక్షరాలాయన పోయినాడప్పా, పొద్దున్నే. రేపు సమాధి చేస్తారు" అన్నాడు. పేపర్లో చిన్న ముక్క వేయించగలవా అని అడిగాడు. నేను పత్రిక ఉద్యోగం మానేసి కొన్నేళ్ళయింది. అయినా నంద్యాలలో ఇప్పుడున్న విలేఖరి నా దగ్గర పని నేర్చుకున్నవాడే. ఒక్క మాట చెబితే నాలుగు లైన్లూ ఒక ఫొటో పడతాయి. చూస్తానన్నాను. ఆ విలేఖరికి ఫోన్ చేయలేదు. ఆ ముక్క పడలేదు.

ఇక్కడ కూడా ఆయన పేరు రాయను. ఒకసారి రాశాను. దాని గురించే ఇదంతా.

ఆళ్ళగడ్డలో రోడ్డు పొడుగునా శిల్పుల షెడ్లు. సగం చెక్కిన హనుమంతులు, ముక్కు ఇంకా తేలని అమ్మవార్లు తెల్లటి రాతిపొడి కప్పుకుని రోడ్డువైపు చూస్తూ నిలబడి ఉంటారు. కొనేవాళ్ళ కంట పడాలి కదా. ఆ వరసలోనే ఆయన రేకుల షెడ్డు. అందులో మాత్రం ఏ రాయీ రోడ్డువైపు చూడదు. అక్షరాలు చెక్కిన ప్రతి బండా మొహం గోడవైపు తిప్పుకుని ఆనుకుని ఉంటుంది. దారిన పోయేవాడికి కనిపించేది రాళ్ళ వీపులే.

ఆయన మాత్రం రోడ్డుకు ఎదురుగా కూర్చునేవాడు. రాయిని ఏటవాలుగా తనవైపు ఆనించుకుని చెక్కేవాడు కాబట్టి వెలుతురంతా రాయి వీపున పడేది, అక్షరం నీడలో ఉండేది. మెడ వంచి, కళ్ళు చికిలించి పని చేసేవాడు. వెనక్కి తిరిగి కూర్చుంటే కళ్ళకు సుఖం కదన్నా అని నేనొకసారి అన్నాను.

"కండ్లకు సుఖమే. వీపుకు?" అన్నాడు.

రోడ్డు మీద ఏ బండి అయినా వేగం తగ్గిస్తే ఆయన సుత్తి ఆగేది. బండి దాటిపోయాక మళ్ళీ మొదలయ్యేది. మాట మధ్యలో కూడా అంతే. వాక్యం సగంలో ఆపి, చూపు రోడ్డుకు అప్పగించి, బండి పోయాక ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే అందుకునేవాడు. మొదట్లో నాకు చిరాకుగా ఉండేది. తర్వాత నేనూ ఆగడం నేర్చుకున్నాను.

పక్క షెడ్డు శిల్పి మాట ఆపుకునే మనిషి కాదు. "రోడ్డు పక్కన నిలబడిన మా దేవుళ్ళకే లేని భయం నీకేందప్పా" అని ఎగతాళి చేసేవాడు.

"మీ దేవుళ్ళకు చెయ్యి ఇరిగితే ఇంకొకటి చెక్కుతారు" అని ఆయన జవాబు.

దేవుళ్ళ జోలికి ఆయన పోలేదు. సమాధి రాళ్ళు, బడికి స్థలమిచ్చిన దాతల బండలు, యుద్ధంలో పోయిన జవాన్ల పేర్లు, ఫలానా ఊరు కట్టింది ఫలానా మనిషి అని చెప్పే గుర్తు రాళ్ళు, ఇవీ ఆయన పని. వాళ్ళ నాయన నంద్యాలలో పాత క్రైస్తవుల సమాధుల తోటకు కాపలాదారు. చదవడం రాకముందే ఈయన అక్కడి తెల్లదొరల రాళ్ళ మీద, సిపాయిల రాళ్ళ మీద అక్షరాల గాడుల్లో వేలు పెట్టి తిప్పుకుంటూ పెరిగాడు. లోతు ఎంత, వంపు ఎక్కడ, ఉలి ఎక్కడ జారింది అని వేలికి ముందు తెలిసింది, అర్థం తర్వాత తెలిసింది. తెలుగు అక్షరాల తలకట్టు ఆయన చెక్కితే, రాతిమీద ఎవరో అప్పుడే గోటితో గీసినట్టుండేది.

ఎర్రమట్టి నీళ్ళతో ముందు అక్షరాలు గీసుకునేవాడు. ఉలి పట్టేముందు చివరి అక్షరం నుంచి మొదటి అక్షరం దాకా వెనక్కి చదువుకుంటూ పోయేవాడు. ముందునుంచి చదివితే మనసు తప్పును దాటేసి పోతుందట. నేను ఆఫీసులో ప్రూఫులు అలాగే చూడటం మొదలుపెట్టాను. ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నావని డెస్కు వాళ్ళు అడిగితే చెప్పేవాణ్ని కాదు.

రాయి చెక్కించుకోవడానికి ఎవరొచ్చినా ఆయన మొదట అడిగేది పేరు కాదు. "ఎట్ల పోయినాడు?" అనే. ముసలితనంతోనో రోగంతోనో పోయాడంటే కాగితం తీసుకునేవాడు. చంపినారంటే, "చేతిలో పని శానా ఉండాది నాయనా, నంద్యాలలో అడగండి" అనేవాడు. ఎంత ఇస్తామన్నా అదే మాట.

ఆ నియమం వెనక ఒక సంగతి ఉంది. వయసులో ఉన్నప్పుడు హత్యకు గురైన మనిషి రాయి ఒకటి చెక్కాడు. "దుర్మార్గుల చేతిలో" అన్న మాట ఆ ఇంటివాళ్ళే రాసిచ్చారు. రాయి నిలబెట్టిన వారానికి ఎవరో దాన్ని సమ్మెటతో పగలగొట్టారు. అంతటితో పోతే సరే. ఆ ముక్కలన్నీ గోనెసంచిలో తెచ్చి ఈయన షెడ్డు ముందు పోసి పోయారు. పొద్దున వచ్చి చూసేసరికి అన్నిటికంటే పైన ఉన్న ముక్క మీద ఆ రెండు మాటలే ఉన్నాయట. అప్పటి నుంచి రాళ్ళ మొహాలు గోడవైపు తిరిగాయి.

కానీ పాతవాళ్ళ రాళ్ళంటే ఆయనకు ప్రాణం. ఎప్పుడో అడవి కొట్టి ఊరు కట్టినవాళ్ళు, చెరువు తవ్వించినవాళ్ళు, దూరదేశంలో యుద్ధానికి పోయి తిరిగిరానివాళ్ళు. అలాంటి పని వస్తే మొహం విప్పారేది. ఆ ఒక్క రకం పనికి "ఎట్ల పోయినాడు" అని అడిగేవాడు కాదు. "నూర్ల ఏండ్ల కిందట పోయినోడికి పగోడు యాడుంటాడప్పా" అనేవాడు. జీవితమంతా అంత లెక్కగా భయపడిన మనిషి తప్పు చేసింది అక్కడే.

నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ వచ్చే దారిలో, రోడ్డు దిగి కొంత లోపలికి పోతే ఒక ఊరుంది. ఊరి మొదట్లో పాత వీరగల్లు. చేతిలో కత్తి పట్టుకుని పులి మీదికి దూకుతున్న మనిషి బొమ్మ, దాని కింద అరిగిపోయిన రెండు వరసల అక్షరాలు. ఎవరూ చదవలేరు. ఊరు కట్టినవాడు ఇతనేనని, ఆవుల మంద కోసం పులితో పోరాడి పోయాడని ఊళ్ళో అందరూ అంటారు. మా పూర్వీకుడంటే మా పూర్వీకుడని పై వీధి పెద్ద ఇంటివాళ్ళూ కింద వీధి పెద్ద ఇంటివాళ్ళూ అంటారు. పండగకు ఆ రాయికి ఎవరు ముందు నూనె పుయ్యాలన్న దగ్గర ఒక తరంలో తలలు పగిలాయి. తర్వాత సర్దుకుని, ఒక ఏడు వీళ్ళు, ఒక ఏడు వాళ్ళు అనుకున్నారు.

పై వీధివాళ్ళు వీరగల్లు పక్కన నల్లరాతి ఫలకం పెట్టాలనుకున్నారు. పని ఈయన దగ్గరికి వచ్చింది. సంతోషంగా ఒప్పుకున్నాడు. రాసిచ్చిన కాగితంలో కథంతా అయ్యాక చివర ఒక వరస ఉంది, ఈ వీరుడు పై వీధి ఇంటివారి మూలపురుషుడు అని. ఆయన దాన్ని అన్ని వరసల్లాగే చూశాడు. నూనె గొడవ సంగతి ఆయనకు తెలియదు.

నాకు తెలుసు.

అప్పుడు నేను మా ఆదివారం పేజీకి ఊళ్ళ గుర్తు రాళ్ళ మీద వరసగా రాస్తున్నాను. షెడ్డుకు వెళ్ళి ఫొటో తీశాను. ఎర్రమట్టి అక్షరాలు, వాటి మీద వంగిన ఆయన. రెండు వీధుల గొడవను నేను ఒక్క వాక్యంలో, పాతకాలపు ముచ్చటలా, చమత్కారంగా దాటేశాను. చివర ఆయన పేరు రాశాను. ఆళ్ళగడ్డలో ఫలానా చోట, ఫలానా ఆయన చెక్కుతున్నాడని. ఇన్నేళ్ళుగా ఎన్ని వందల పేర్లు చెక్కాడో, తన పేరు ఎక్కడా లేదే అని నాకు బాధగా ఉండేది. మంచి పని చేశాననుకున్నాను. ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాను కూడా.

మంగళవారం మధ్యాహ్నం ఆయన నంద్యాలలో మా ఆఫీసుకు వచ్చాడు. మేడ మెట్లెక్కి, తలుపు దగ్గర నిలబడి, లోపల ఎవరెవరున్నారో చూసుకుని అప్పుడు లోపలికి వచ్చాడు. గోడవైపు వీపు పెట్టి కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకున్నాడుగానీ తాగలేదు.

ముందురోజు నలుగురు షెడ్డుకు వచ్చారట. కింద వీధి వాళ్ళు. అరవలేదు, తిట్టలేదు. బెంచీ మీద కూర్చున్నారు. టీ తెప్పించుకుని ఆయనకూ ఒకటి ఇచ్చారు. ఒక అక్షరం చెక్కడానికి ఎంతసేపు పడుతుందని అడిగారు. ఎన్నేళ్ళ నుంచి ఈ పని అని అడిగారు. ఒకడు ఉలి చేతిలోకి తీసుకుని మొన మీద బొటనవేలు రాసి చూశాడు. ఏ చేత్తో సుత్తి పడతావు పెద్దాయనా అని అడిగాడు. ఈయన చెప్పాడు. వాడు తలూపాడు. టీ గ్లాసులు వాళ్ళే కడిగి బోర్లించి వెళ్ళిపోయారు.

"అంతేనా?" అన్నాను.

"ఇంకేం కావాలప్పా" అన్నాడు.

పోలీసులకు చెబుదామన్నాను. ఏమని చెప్పేది, టీ తాగించినారనా అన్నాడు. పని మానుకోమన్నాను. మానుకుంటే పై వీధివాళ్ళు ఊరుకుంటారా, కింద వీధికి భయపడి మాకు ఎగ్గొట్టినాడని పగబడతారు అన్నాడు. రెండు వైపులా ఆలోచించుకునే వచ్చాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు:

"ఇన్ని రాళ్ళు చెక్కినా గదా, యాడన్నా నా పేరు జూసినావా? నాకు చెక్కుకోను రాకనా? నువ్వు యాల రాసినావప్పా?"



ఆయన అడిగింది ఒక్కటే. ఆ రాయి ఆళ్ళగడ్డలో చెక్కడం లేదని, పేరు పొరపాటున పడిందని రెండు లైన్లు వేయమన్నాడు. అబద్ధం ఎలా వేస్తాం అన్నా, డెస్కు ఒప్పుకోదు అన్నాను. ఆయన తలూపి, గ్లాసు బల్ల మీద పెట్టి లేచాడు. నిజం ఏమిటంటే డెస్కు ఒప్పుకోదని నాకు తెలియదు. నేను అడగలేదు. అడిగితే ఆయన పేరు అసలు ఎందుకు రాశావని నన్ను అడుగుతారు. రెండు వీధుల గొడవ తెలిసి కూడా చెక్కేవాడి పేరు, చోటు ఎందుకు ఇచ్చావని అడుగుతారు. ఆయన భయం ప్రాణానికి, నా భయం ఉద్యోగానికి. నా భయాన్నే నేను కాపాడుకున్నాను.

కింద వీధివాళ్ళు వచ్చి వెళ్ళారన్న సంగతి పై వీధికి తెలిసింది. వాళ్ళు ఇద్దరు మనుషుల్ని షెడ్డు దగ్గర కూర్చోబెట్టారు. పొద్దున వచ్చి, పని అయ్యేదాకా ఉండి, ఆయన్ని ఇంటిదాకా దించి పోయేవాళ్ళు. నేను వెళ్ళినప్పుడు ఆయన వాళ్ళకు వినబడకుండా అడిగాడు.

"వీళ్ళు నన్ను కాపాడేదానికి వచ్చినారా, నేను పారిపోకుండా జూసేదానికి వచ్చినారా? నీకేమన్నా తెలుస్తాందా?"

నాకూ తెలియలేదు. ఆ ఇద్దరూ పేకాడుకుంటున్నారు.

ఆ ఫలకం మీద అక్షరాల్ని తర్వాత చాలాసార్లు చూశాను. వణికే చేత్తో చెక్కినట్టు ఎక్కడా కనబడదు. చివరి వరస కూడా పై వరసలంత లోతుగానే ఉంది. అదెలా సాధ్యమైందని అడిగితే, ఉలి పట్టుకున్నంతసేపే చెయ్యి కుదురుగా ఉంటాదని, దించినాకే వణుకుతాదని చెప్పాడు. అందుకని ఆ వారమంతా అన్నానికి కూడా సరిగ్గా లేవలేదట.

రాయి నిలబెట్టిన రోజు నేను వెళ్ళాను. పేపరు పని కాదు, వెళ్ళకుండా ఉండలేకపోయాను. వీరగల్లు పక్కన గుంత తవ్వి, ఫలకం దించి, ఆయనే సిమెంటు కలిపి చుట్టూ మెత్తుతున్నాడు. పై వీధివాళ్ళు పంచెలు కట్టుకుని నిలబడ్డారు. ఇద్దరు కానిస్టేబుళ్ళు చెట్టునీడన ఉన్నారు. కొబ్బరికాయ కొట్టాక జనం కొంచెం పక్కకు జరిగారు. కింద వీధి పెద్దమనిషి వస్తున్నాడు. ఒక్కడే. తెల్ల తుండు భుజాన వేసుకుని, తొందర లేకుండా.

ఎవరూ అడ్డం పోలేదు. పెద్దమనిషి రాయి ముందుకు వచ్చి మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టాడు. పెదవులు కదుపుతూ, నిదానంగా. చివరి వరస దగ్గర వంగి వేలితో అక్షరాలు తడిమాడు.

"ఎవురు చెక్కింది?" అన్నాడు.

పేపర్లో పడిన పేరే, అందరికీ తెలిసిన మనిషే. అయినా ఒక్కరూ పలకలేదు. నేను కూడా. తాపీ చేతిలో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉన్న మనిషి లేచి నిలబడ్డాడు.

"నేనేనయ్యా."

పెద్దమనిషి ఆయన్ని పైనుంచి కిందికి చూశాడు.

"అక్షరాలు బాగుండాయి" అన్నాడు. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఏమీ జరగలేదు. ఆ వారం జరగలేదు, ఆ నెల జరగలేదు. పండగకు ఎప్పటిలా వంతుల ప్రకారం నూనె పూశారు. ఏమీ జరగకపోవడమే అక్షరాలాయన్ని పట్టుకుంది. జరిగిపోతే అయిపోయేది. దాదాపు పదేళ్ళపాటు ఎప్పుడు కలిసినా మాటల మధ్యలో ఆ మాట దగ్గరికే వచ్చేవాడు.

"ఆయప్ప ఆ మాట యాలన్నాడంటావ్?"

నిజంగానే బాగున్నాయని అన్నాడన్నా అనేవాణ్ని. వాళ్ళ వంశం పేరు కొట్టేసిన రాయిని పట్టుకుని ఎవడన్నా బాగుందంటాడా అనేవాడు. మరైతే బెదిరింపేమో అంటే, బెదిరించేవాడు వేలు పెట్టి అంత మెత్తగా తడుముతాడా అనేవాడు. ఒక్కోసారి పెద్దమనిషి గొంతుతో ఆ రెండు మాటలూ అని చూపించేవాడు, ఒకసారి మెచ్చుకోలుగా, ఒకసారి కఠినంగా. ఏది సరిగ్గా ఉందో చెప్పమనేవాడు. నాకు రెండూ సరిగ్గానే అనిపించేవి.

ఆ ఊరి మలుపు నంద్యాల రోడ్డు మీద ఉంది. ఆయన ఆ రోడ్డు మానేశాడు. నంద్యాల రావాలంటే కోయిలకుంట్ల మీదుగా చుట్టు తిరిగి వచ్చేవాడు. షెడ్డు దగ్గర ఎవరైనా తన గురించి అడిగితే తెలియదని చెప్పమని పక్కవాళ్ళకు నేర్పాడు. ఎగతాళి చేసే శిల్పి కూడా కొన్నాళ్ళకు నవ్వడం మానేసి, కొత్తవాళ్ళు అడిగితే "మాకు తెల్దప్పా" అనడం అలవాటు చేసుకున్నాడు. రాతిదుమ్ముకు దగ్గు మొదలైంది. నంద్యాల ఆసుపత్రికి రమ్మంటే, రేపు మాపు అనేవాడు. రోజూ చుట్టు తిరిగి ఎవరు పోతారంటాడని ఆయన భార్య నాతో అంది. చివరికి తీసుకుపోయేసరికి డాక్టర్లు చేయగలిగింది పెద్దగా లేదు.

సమాధి చేసినప్పుడు పాతికమంది ఉన్నారేమో. పాస్టరు వాక్యం చదివాడు. శిల్పులందరూ పని ఆపి వచ్చారు. ఆయన భార్య నా పక్కకు వచ్చి, "ఇంగ ఎవురూ ఏం చెయ్యలేరులేన్నా" అంది. ఏడవలేదు. పెద్ద బరువు దించుకున్న మనిషిలా ఉంది.

మర్నాడు నంద్యాలకు తిరిగి వస్తుంటే బస్సు ఆ మలుపు దగ్గర చెడిపోయింది. అందరితో పాటు దిగి టీ అంగడి దగ్గర నిలబడ్డాను. బెంచీ మీద కింద వీధి పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. బాగా ముసలివాడయ్యాడు, చేతిలో కర్ర. రోడ్డు అవతల జీపులో ఇద్దరు మనుషులున్నారు, ఇంజను ఆపలేదు.

"పేపరాయనవు గదూ" అన్నాడు. పక్కన చోటు చూపించి కూర్చోమన్నాడు. టీ చెప్పాడు. తన తమ్ముడు పోయి నెలైందని చెప్పాడు. నేను అయ్యో అన్నాను. పదేళ్ళుగా అక్షరాలాయన్ని పీడించిన ప్రశ్న నా నాలుక చివరనే ఉంది. అడిగితే ఇప్పుడు ఎవరికీ ప్రమాదం లేదు. ఎందుకన్నారు పెద్దాయనా ఆ మాట అని ఒక్క ముక్క. అడగబోయేలోపు పెద్దమనిషే అందుకున్నాడు.

"మా ఊర్లో రాయి చెక్కినాయన ఉండాడే, అక్షరాలాయన. మా తమ్మునికి ఒక రాయి నిలబెట్టాల. ఆయన చెయ్యే కావాలని ఉండాది. మనిషిని పంపిస్తే షెడ్డు మూసిండాదంట. పక్కనోళ్ళను అడిగితే తెల్దన్యారంట. నువ్వు ఆ పొద్దు పేపర్లో రాసినావు గదా. నీకు తెలిసుంటాది. యాడుండాడు?"

ఆ కళ్ళలోకి చూశాను. పొర కమ్మిన ముసలి కళ్ళు. కోపం కనబడలేదు. కోపం లేదని చెప్పడానికీ ఏమీ కనబడలేదు. జీపులో మనుషులు మావైపు చూస్తున్నారు. నా చేతిలో టీ గ్లాసు మూతిదాకా వెళ్ళలేదు. ముందురోజు మధ్యాహ్నం ఆ మనిషి మీద మూడు పిడికిళ్ళ మట్టి వేసింది ఈ చేత్తోనే.

"తెలీదు పెద్దాయనా" అన్నాను. "ఆళ్ళగడ్డ విడిచిపెట్టి ఎటో పోయినాడంట. పేరు కూడా నాకిప్పుడు గుర్తులేదు."